ముప్పై తొమ్మిదో విన్నపం

మా చర్చి సంఘం ప్రార్థన విన్నపాల బోర్డులో ముప్పై ఎనిమిది తరువాత నలభై వస్తుంది. మధ్యలో ఉండవలసిన అంకె లేదు. ఒకసారి తొలగించిన అంకెను ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ దేనికీ ఇవ్వదు. కొత్తగా ఏది రాసినా చివరి అంకె తరువాతిదే వస్తుంది. దాన్ని తొలగించింది నేను.

ముందు నా పని గురించి చెప్పాలి. నేను వికారాబాద్‌లో ఉంటాను. వారంలో మూడు రోజులు రైలెక్కి హైదరాబాద్ ఆఫీసుకు పోతాను, మిగతా రోజులు ఇంట్లో కూర్చుని పనిచేస్తాను. మా కంపెనీ తాండూరు బండల పాలిష్ యూనిట్ల కోసం ఒక యాప్ తయారుచేసింది. ఏ సైజు బండలు ఎన్ని కోశారు, ఏ లారీకి ఎన్ని ఎక్కించారు, ఆ లారీ చేరిందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. నేను కోడ్ రాయను. ఏది ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో తేల్చడం నా పని. యూనిట్ల వాళ్ళు అడిగినవి, మాకు తోచినవి, పాడైనవి అన్నీ ఒకే వరసలో పేర్చి ఉంటాయి. దాన్ని బ్యాక్‌లాగ్ అంటాం. ఒక్కో కోరికా ఒక్కో టికెట్. రెండు వారాలకోసారి పైనున్నవి తీసి డెవలపర్లకు ఇస్తాం. మిగతావి కిందే ఉంటాయి. కింద ఉన్నవాటికి ఎవరూ కాదని చెప్పరు. అవునని కూడా చెప్పరు.

నేను బైబిలు వాక్యంలో పెరిగినదాన్ని. నూరు గొర్రెలున్న కాపరి తొంభై తొమ్మిదింటినీ విడిచి, తప్పిపోయిన ఒక్కదాని వెంట వెళ్ళడం ఆదివారపు బడిలో బొమ్మలు వేసి నేర్చుకున్నాను. పెద్దయ్యాక అదే బడిలో పిల్లలకు నేర్పాను. ఆఫీసులో నేర్చుకున్నది దీనికి తలకిందులు. ఎక్కువమంది అడిగినది పైకి, ఒక్కరే అడిగినది కిందికి. ఈ రెండూ నాలో చాలా ఏళ్ళు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా.

అలా కింద పడి ఉన్నవాటిలో తాండూరు కోరిక ఒకటి. అడిగింది ఒక యూనిట్‌లో లారీ లోడ్లు రాసే పెద్దాయన. మా యాప్‌లో లారీ నంబరు ముందు రెండే బటన్లు ఉంటాయి: 'దారిలో ఉంది', 'చేరింది'. ఆయన మూడోది అడిగాడు.

"దారిల ఉంది అని నొక్కుతే మా సేఠ్ నన్నడుగుతడు, ఏ దారిల ఉందిరా అని. నాకేం ఎరుక మేడం? డ్రైవర్ ఫోన్ ఎత్తడాయె. తెల్వదు అని ఒక బటన్ పెట్టున్రి. తెల్వనిది తెల్వదంటే తప్పా?"

నవ్వి రాసుకున్నాను. రెండేళ్ళు అది వరస అడుగునే ఉంది. మా డెవలపర్ ఒకతను చదివి, "తెలియదు అన్నది స్టేటస్ ఎలా అవుతుందండీ, స్టేటస్ లేకపోవడం కదా అది" అన్నాడు. అదీ నిజమే అనిపించింది.

మొన్న ఎండాకాలంలో మా మేనేజర్ బ్యాక్‌లాగ్ శుభ్రం చేయమన్నాడు. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని టికెట్లన్నీ మూసేయాలి. "నిజంగా కావలసినదైతే మళ్ళీ అడుగుతారు. అడగలేదంటే అక్కర్లేదనే" అన్నాడు. అది ఆయన ఒక్కడి మాట కాదు, మా పనిలో అందరూ నమ్మే మాట. రెండు రోజులు కూర్చుని మూశాను. ఒక్కోదాన్నీ చదివి మూయడం మొదటి మధ్యాహ్నానికే మానేశాను. వరసగా టిక్కులు పెట్టి ఒక్కసారే మూసేశాను. అడిగినవాళ్ళకు దానంతటదే ఒక మెయిల్ పోయింది. వరస చిన్నదైపోయింది. ఇల్లు కడిగి ఆరబెట్టినంత హాయిగా అనిపించింది. ఆ హాయి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

నేను పుట్టి పెరిగిన సంఘం తాండూరులో ఉంది. పెళ్ళయి వికారాబాద్ వచ్చినా ఆదివారం ఆరాధనకు తాండూరే పోతాను. మా సంఘంలో చివరి ఆశీర్వాదానికి ముందు విన్నపాలు చదువుతారు. జ్వరాలు, పరీక్షలు, కోర్టు కేసులు, కాన్పులు, తాగుడు మానవలసిన భర్తలు. ఒక్కోటి చదవగానే సంఘమంతా "ప్రభువా, ఆలకించు" అంటుంది. ఆ విన్నపాల పుస్తకం చాలా ఏళ్ళు ఒక పెద్దమ్మ దగ్గర ఉండేది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళాక మా పాస్టరు అయ్యగారు దాన్ని నా చేతిలో పెట్టారు.

ఆ పుస్తకానికి ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. పుస్తకంలోంచి ఒక పేరు రెండు కారణాలతోనే పోతుంది. ప్రార్థన నెరవేరిందని ఆ ఇంటివాళ్ళు నిలబడి సాక్ష్యం చెప్పాలి. లేదా ఆ మనిషి చనిపోయి సమాధి కూటం జరగాలి.

విన్నపాలు పెరిగి పెరిగి చదవడానికే అరగంట పట్టేది. కొడంగల్ వైపు, బషీరాబాద్ వైపు పోయేవాళ్ళు బస్సు తప్పుతుందని ఆశీర్వాదం అందుకోకుండానే లేచేవాళ్ళు. "జర కుదించరాదమ్మా" అన్నారు అయ్యగారు. నేను పుస్తకమంతా ఫోన్‌లోకి ఎక్కించి, ఆఫీసులో వాడేలాంటి బోర్డు ఒకటి పెట్టాను. ఒక్కో విన్నపానికి ఒక అంకె. కొత్తవి ఒక వైపు, ప్రార్థిస్తున్నవి మధ్యలో, నెరవేరినవి ఇంకో వైపు. అందరూ మెచ్చుకున్నారు.

ముప్పై తొమ్మిదో అంకె ఒక అక్క పెట్టిన విన్నపం. ఆమె పాలిష్ యూనిట్‌లో బండలు కడిగే పని చేస్తుంది. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త బండల లారీ మీద వేరే ఊళ్ళో లోడు దింపడానికి పోయాడు. లారీ చేరింది. బండలు దింపారు. చాయ్ తాగొస్తానని రోడ్డు దాటాడని డ్రైవర్ చెప్పాడు. ఆ తరువాత ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పోలీసు స్టేషన్లు, ఆసుపత్రులు, ఆ ఊరి సంఘాలు, అన్నీ తిరిగారు. పెద్దమ్మ ఆమె మాటలను ఆమె అన్నట్టే పుస్తకంలో రాసిపెట్టింది: "నా పెనిమిటి యాడున్నా సల్లగుంచు ప్రభువా, ఇంటికి తోల్కరా."

అది చదివినప్పుడల్లా ఆమె రెండు చేతులూ ఎత్తేది. మట్టిగాజులు గలగలమనేవి. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఆడవాళ్ళ వైపు ఆమె ఏ మూల కూర్చుందో చెప్పగలిగేదాన్ని.

ఆఫీసు బ్యాక్‌లాగ్ శుభ్రం చేసిన వారమే, శనివారం, అదే ఊపులో సంఘం బోర్డు తెరిచాను. నెరవేరిపోయి సాక్ష్యం చెప్పడం మరిచినవి ఐదారు కనబడ్డాయి. వాటిని నెరవేరిన వైపుకు జరిపాను. తరువాత ముప్పై తొమ్మిది దగ్గర వేలు ఆగింది. పదకొండేళ్ళు. దేవునికి తెలియదా, ప్రతి ఆదివారం గుర్తుచేయాలా అనుకున్నాను. ఇంట్లో నా ప్రార్థనలో ఎలాగూ తలుస్తాను కదా అనుకున్నాను. కట్టుబాటు గుర్తుకు రాలేదని చెప్పలేను. వచ్చింది. అది కాగితం పుస్తకానికి కదా అనిపించింది. తొలగించు అన్నచోట నొక్కాను. మళ్ళీ తెచ్చుకోవడం కుదరదు, సరేనా అని తెర అడిగింది. సరే అన్నాను.

మర్నాడు ముప్పై ఎనిమిది చదివాను, నలభై చదివాను. సంఘం రెండింటికీ "ఆలకించు" అంది. రెండింటి మధ్యా గాజులు మోగవలసిన చోట ఏమీ మోగలేదు. ఆ ఖాళీ నాకు వినబడింది. వినబడనట్టు ముందుకు చదువుకుంటూ పోయాను. ఆరాధన అయ్యాక ఆమె వచ్చి నా చేయి పట్టుకుంది. ఏమీ అడగలేదు. చేయి వదిలి వెళ్ళిపోయింది. అది ప్రేమ అనుకున్నాను. తరువాతి రెండు ఆదివారాలు ఆమె రాలేదు.

ఆ నెలాఖరున పని మీద తాండూరు యూనిట్లకు పోయాను. యాప్‌లో కొత్తగా వచ్చినవి చూపించడానికి నెలకోసారి పోతాను. లోడ్లు రాసే పెద్దాయన నన్ను చూడగానే గట్టిగా అన్నాడు, "ఏం మేడం, మా తెల్వదుకు మట్టి చేసిన్రంట గద! మెయిల్ వచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, "మళ్ళీ ఒకసారి అడుగున్రి పెదనాయినా, తెరుస్త" అన్నాను.

"ఒక్కపారి అడిగిన. ఇంకెన్ని తాపలు అడగాలె? మీరు మర్శిన్రని నేను మర్శినట్టా?"

పక్కకు చూశాను. బండలు కడిగేచోట అక్క నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పనిచేసేది అక్కడే. నన్ను చూసి చేయి ఊపింది. చప్పుడు కాలేదు. కోత మిషన్ల హోరులో వినబడలేదనుకున్నాను. దగ్గరికి పోయాక చూశాను. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. గాజులుండే చోట ముంజేతి చర్మం మిగతా చేయి కంటే తెల్లగా ఉంది. కాళ్ళకు మట్టెలు లేవు.

"ఏమైందక్కా?"

"నన్నడుగుతవేంది చెల్లె. మీకెర్కే గద."

"నాకేం ఎరుక?"

ఆమె పైపు కింద పెట్టింది. రాతి పొడి కలిసిన తెల్లటి నీళ్ళు మా పాదాల మీదుగా పారుతున్నాయి. "ఆయన పేరు సదవలే. సాక్ష్యం నేను చెప్పలే. ఇగ మిగిలింది ఒక్కటే గద. ఏడనో దొరికిండు, నా ముంగట అన నోరు రాక ఊకున్నరు. నాకు సమజైంది."

"నన్నెందుకు అడగకపోతివక్కా?"

"అడుగుతే చెప్తుంటివి." ఆమె నవ్వింది. "చెవుల పడకుంటేనే మంచిదనిపిచ్చింది. పదకొండేండ్లు తలుపుకు గొళ్ళెం పెట్టలే చెల్లె. ఎప్పుడొస్తడో, కొట్టి కొట్టి పోతడేమో అని. ఇప్పుడు పెడుతున్న. పంటే తెల్లారిందాక మెలకువ వస్తలేదు. గిట్ల నిద్ర ఉంటదని మర్శేపోయిన."

ఆమె నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయింది. గోడకు ఆనించి ఒక నీలి బండ ఉంది. పాలిష్ అద్దంలా మెరుస్తోంది. పైన సిలువ, దాని కింద ఆయన పేరు చెక్కించారు. పేరు కింద ఏమీ లేదు.

"విరిగిన బండలకెళ్ళి మంచిగున్న ముక్క అడిగి తీస్కున్న. నేనే రుద్దిన. తారీఖుకు జాగ ఇడిచిన. అయ్యగారినడిగి గదొక్కటి చెప్పు చెల్లె. ఎట్ల పోయిండో వద్దు. తారీఖు చాలు. జ్ఞాపకార్థ కూటం పెట్టుకుంట."

ఆ ఖాళీ జాగాలో నా ముఖం కనబడింది. మెడలో కంపెనీ కార్డు కూడా కనబడింది. నిజం చెప్పవలసింది అప్పుడే. నేను "అడిగి చెప్తక్కా" అని వచ్చేశాను.

ఆ వారం ఎలా గడిచిందో సరిగ్గా చెప్పలేను. ఆఫీసులో ప్రతి టికెట్‌లోనూ తేదీ నింపే గడి ఒకటి ఉంటుంది. దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. ఆ వారం ఖాళీగా ఉన్న ప్రతి తేదీ గడీ నీలంగా మెరిసింది. మీటింగ్‌లో ఎవరో "డేట్ పెట్టలేదండీ ఇక్కడ" అంటే ల్యాప్‌టాప్ మూసేశాను. ఇంట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలినా గాజులనుకుని తల ఎత్తేదాన్ని. రైలులో ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ ముంజేతులే చూస్తూ కూర్చునేదాన్ని.

మోకరిస్తే ఒక్క కథే గుర్తుకొచ్చేది. సువార్తలో అన్యాయస్థుడైన ఒక న్యాయాధిపతి గుమ్మానికి పదే పదే వచ్చిన విధవరాలి సంగతి మీద నేను స్త్రీల కూడికలో ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. ఆయన విసిగిపోయి చివరికి ఆమెకు న్యాయం తీర్చాడు. నేనూ విసిగాను. విసిగి ఆమె అర్జీనే తీసేశాను. అక్కడ ఆమె వచ్చేటప్పటికే విధవరాలు. ఇక్కడ ఈమెను నేనే అలా చేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక సాయంత్రం రైల్లో, చెప్పకుండా ఉంటే ఏమవుతుంది అని ఆలోచించాను. ఆమె నిద్రపోతోంది కదా. ఏదో ఒక తారీఖు చెబితే బండ నిండుతుంది, కూటం జరుగుతుంది, ఆమె గొళ్ళెం పెట్టుకుని పడుకుంటుంది. అలా అనుకోగానే ఒక తారీఖు నా మనసులోకి దానంతటదే వచ్చింది. వెతకలేదు నేను. అది నేను బోర్డు తెరిచి కూర్చున్న ఆ శనివారం తారీఖు. అప్పటి నుంచి నాకు ఆ తారీఖంటే భయం.

శుక్రవారం లోడ్ల పెద్దాయన టికెట్ మళ్ళీ తెరిచాను. మూసినవి తెరవచ్చు. వరసలో అన్నిటికంటే పైన పెట్టాను. "దీనికి ఇంత తొందరేంటండీ?" అన్నాడు డెవలపర్. "లారీ ఎక్కడుందో తెలియనప్పుడు మనం వాళ్ళచేత చేరిందనో దారిలో ఉందనో అబద్ధం చెప్పిస్తున్నాం" అన్నాను. కొన్ని వారాలకు ఆ బటన్ యాప్‌లోకి వచ్చింది. పెద్దాయన ఫోన్ చేసి, "మా తెల్వదు లేచొచ్చింది మేడం" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "కుదించమన్నది నేనే కదమ్మా" అన్నారు. "నేనొచ్చి చెప్పనా?" అని అడిగారు. వద్దన్నాను. తీసినది నా వేలు.

ఆమె ఒంటిగది ఇంటికి మధ్యాహ్నం పోయాను. తలుపు వేసి ఉంది. కొట్టాను. లోపల గొళ్ళెం తీసిన చప్పుడు వినబడింది. నిద్రలోంచి లేచిన ముఖం, చెంప మీద చాప గీతలు. ఇన్నేళ్ళుగా నేను చూసినదాని కంటే ఆమె వయసులో చిన్నదానిలా కనబడింది.

"తారీఖు దొరికిందా చెల్లె?"

"లేదక్కా. తారీఖు లేదు. ఎవ్వరు ఏం చెప్పలే. ఆయన పోయిండని ఎవ్వరికి తెల్వదు. ఉన్నడని గూడ తెల్వదు. పేరు నేనే తీసేసిన. చాన ఏండ్లాయెనని తీసేసిన."

ఆమె గోడకు చేరగిలబడింది. అక్కణ్ణుంచే అడిగింది. "మర్శినవా, తీసినవా?"

"తీసిన."

"మర్శిన అంటే అయిపోవు గద."

అలా అనొచ్చని నాకూ తెలుసు.

"ఎందుకు చెప్పినవ్?" ఆమె గొంతు పెరిగింది. "చెప్పకపోతే నీ సొమ్మేం పోతుండె? మంచిగ పండుతుంటి. పదకొండేండ్ల తర్వాత మంచిగ పండుతుంటి!"

సత్యం మనిషిని విడిపిస్తుందని నేను నమ్ముతాను. ఎందరికో చెప్పాను. ఆ గదిలో అది ఆమెను మళ్ళీ కట్టేయడం నా కళ్ళతో చూశాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మాట ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆగి చెబుతున్నాను.

ఆమె ఏడవలేదు. లేచి నీళ్ళు తాగింది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. "రాయి" అంది. "ఇక్కడనే రాయి, నా ముంగట."

ఫోన్ తీసి పెద్దమ్మ రాసిన మాటలనే మళ్ళీ రాశాను. నూట పన్నెండు అని వచ్చింది.

"పాత నంబరు రాదా?"

"రాదక్కా."

"పోనీ తియ్. ఆయనకేం నంబరెర్క." ఆమె తన చేతులు చూసుకుంది.

"గాజులు తెస్తనక్కా" అన్నాను. అన్నాక అనకుండా ఉండవలసింది అనిపించింది.

"తీసినంక నాకు నేనే ఏస్కుంటనా? ఆయనొచ్చి ఏపియ్యనీ." నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, "బండ తిప్పి పెడ్త. మొకం గోడదిక్కు" అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం నూట పన్నెండు చదువుతాను. బస్సుకు పోయేవాళ్ళు కూడా అది అయ్యేదాకా లేవరు. సంఘం "ప్రభువా, ఆలకించు" అంటుంది. ఆమె వస్తోంది, చేతులు ఎత్తుతోంది. చప్పుడు మాత్రం రాదు. అందుకని తల ఎత్తి వెతుక్కోవలసి వస్తోంది.

ఆ మధ్యాహ్నం సంగతి ఒకటి మిగిలింది. నేను వస్తానని చెప్పి బయటికి వచ్చాను. నా వెనక ఆమె తలుపు దగ్గరగా వేసింది. నేను గుమ్మం ముందే చెప్పులు వేసుకుంటూ, అవసరానికి మించి ఆలస్యం చేస్తూ, గొళ్ళెం చప్పుడు కోసం చూశాను. లోపల అడుగుల చప్పుడు వినబడింది. చాప సర్దిన చప్పుడు వినబడింది. గొళ్ళెం పడలేదు.